లొవైనా చొక్కా ముక్క

ఆ కొండ మీది వేట గుడిసెకు ఒక చట్టం ఉంది. దుప్పిని కాల్చి గురి తప్పినవాళ్ల చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి, గోడకు మేకు కొడతారు. అరవై ఏళ్లుగా మగవాళ్ల చొక్కాలే వేలాడిన ఆ గోడ మీదికి పోయిన ఏడాది లొవైనా హెక్మన్ నీలం చొక్కా ముక్క చేరింది. ఆవిడకు డెబ్బై మూడేళ్లు. పళ్లు కొన్నే మిగిలాయి గానీ నోరు మాత్రం ఎక్కడా అరగలేదు.

గురి తప్పిన మాట నిజమే. అయితే ఆ రోజు తుపాకీలో దట్టించింది అల్లుడు గ్లెన్ చెప్పిన పాళ్లు: వంద గ్రెయిన్ల తూకం తుపాకీ మందు, దాని మీద వేలి కణుపంత పొడుగు తూటా. అల్లుడి మాట విన్నానని ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. గురి తప్పడం కన్నా అదే పెద్ద సిగ్గు.

ఈ ఏడూ తప్పితే ఆ చెకుముకి తుపాకీ గ్లెన్‌కు ఇచ్చేయాలని ఇంట్లో తీర్మానం జరిగింది. ఆవిడ లేని సమయం చూసి, ఆవిడ వంటింట్లోనే కూర్చుని, ఆవిడ చేసిన యాపిల్ 'పై' తింటూ తీర్మానించారు.

వేట క్రిస్మస్ మర్నాడు మొదలవుతుంది. నాలుగు రోజుల ముందు గ్లెన్ కొత్త తూటాల పెట్టె తెచ్చి గుడిసె బల్ల మీద పెట్టాడు.

"అత్తయ్యా, ఈసారి నూట పది వేద్దాం. తూటా కూడా ఇంకాస్త బరువుది. వంద గజాల్లో ఉన్నా కూలిపోవాల్సిందే."

"ఎవరు? దుప్పా, నేనా?"

మూలన కాఫీ తాగుతున్న మరిది వార్డ్ కిసుక్కున నవ్వాడు. గుడిసెకు పెద్ద ఆయనే. చొక్కాలు కోసే కత్తెర ఆయన జేబులోనే ఉంటుంది.

"నీ మోకాళ్లతో దగ్గరికి పోలేవు కదా అత్తయ్యా, అందుకని..."

"దగ్గరికి పోలేనివాడికే మందు ఎక్కువ కావాలి. పద బయటికి."

యాభై అంగల దూరంలో అట్టముక్క నిలబెట్టారు. గ్లెన్ ఆవిడ తుపాకీలోనే తన పాళ్లు దట్టించి కాల్చాడు. అట్ట అంచున చిల్లు పడింది. గుండ్రంగా కాదు, తాళం చెవి దూర్చే కంతలా పొడుగ్గా.

"చూశావా? నీ తూటా పల్టీలు కొట్టుకుంటూ పోయింది. ఈ గొట్టం లోపల చెక్కిన మర గాడి నిదానంగా మెలి తిరుగుతుందయ్యా. గుండ్రటి గుండుకు అది చాలు. నీ పొడుగుదాన్ని నిలబెట్టడం దాని వల్ల కాదు."

"అయితే నూట ఇరవై వేసి..."

"మందు పెంచితే తూటాకు బుద్ధి రాదు నాయనా. పల్టీలే జోరుగా కొడుతుంది."

ఆవిడ జేబులోంచి దుప్పి కొమ్ము కొన తీసింది. పోయిన మొగుడు తొలిచిచ్చిన కొలత అది. నిండా మందు పోస్తే అరవై ఐదు గ్రెయిన్లు, అంతే. గుండ్లు ఆవిడ ఇంట్లోనే పోసుకుంటుంది. సీసం కరిగించే గిన్నెలో ఒకప్పుడు సూప్ కాచేదా అని అడిగే ధైర్యం మనవల్లో ఎవరికీ లేదు.

గుండుకు పాత దిండు గలీబు గుడ్డ చుట్టి గొట్టంలోకి దిగ్గొట్టింది. కాల్చింది. గుండు మధ్యకు జానెడు పక్కన తగిలింది. గ్లెన్ గొంతు సవరించుకున్నాడు. ఆవిడ అట్ట వైపు చూడనే లేదు. గుండుతో పాటు ఎగిరిపడ్డ కాలిన గుడ్డను మంచులో వెతికి ఏరుకుని వేళ్ల మీద పరిచింది. నడిమికి చిరిగిపోయింది.

"పాళ్లు సరిగ్గానే ఉన్నాయి. గుడ్డే పలచన, చిరిగితే గుండుకు గొట్టంలో పట్టు ఉండదు. నేత దట్టంగా ఉన్నది కావాలి."

లోపలికి వెళ్లి, పటకారుతో మేకు పీకి తన నీలం చొక్కా ముక్క దించింది.

వార్డ్ కుర్చీలోంచి లేచాడు. "వదినా! ఆ గోడ మీద చెయ్యేసినవాళ్లు ఇంతవరకు లేరు!"

"ఏడాది శిక్ష అనుభవించిందిగా. ఇక పని చెయ్యనీ."

"చట్టం అంటూ..."

"నీ చట్టం కొయ్యమంది, మేకు కొట్టమంది. దించకూడదని ఎక్కడుందో చూపించు, మళ్లీ కొడతా. కొత్త చొక్కాతో సహా."

ఆ ముక్కను బిళ్లలుగా కోసి దుప్పి కొవ్వు రాసింది. ఈసారి కాల్చాక గుడ్డ చిరగకుండా వచ్చింది, అంచులు మాత్రం కమిలాయి. గుండు అట్ట నడిమిన దిగింది.

వేట రోజున హెమ్లాక్ చెట్ల కింద, మోకాలి లోతు మంచులో, వాగు వైపు దిగే దారి పక్కన ఆవిడ కూర్చుంది. తొమ్మిది దాటాక ఆడదుప్పి ఒకటి కనిపించింది. ఎనభై అంగలు. గ్లెన్ అయితే పేల్చేసేవాడు. ఆవిడ కదల్లేదు. అరవై. తొడలు తిమ్మిరెక్కాయి. మోకాలు లోపల్లోపల బూతులు తిడుతోంది. యాభై. దుప్పి తలెత్తి ఆవిడకేసి తేరిపార చూసింది. "నువ్వే ముందు కదులు," అని ఆవిడ మనసులో మొండికేసింది. అది తల దించి నాలుగడుగులు వేసి, పక్కకు తిరిగింది. నలభై.

తుపాకీ చెకుముకి రాయి నిప్పు రాల్చింది. పొగ తప్ప ఏమీ కనిపించలేదు. పొగ విడిపోయేసరికి దుప్పి ఎక్కడ నిలబడిందో అక్కడే పడి ఉంది.

చప్పుడు విని గ్లెన్ రొప్పుకుంటూ వచ్చేసరికి అత్తగారు దుప్పి దగ్గర లేదు. తుపాకీ మూతి ముందు మంచులో వంగి ఏదో వెతుకుతోంది.

"తగిలింది అత్తయ్యా! ఇంకేం వెతుకుతున్నావు?"

"నోరు మూసుకుని నువ్వూ వెతుకు. నీలం రంగుది."

సాయంత్రం వార్డ్ చూస్తుండగానే ఆవిడ కమిలిన ఆ బిళ్లను అదే మేకుతో, అదే కంతలో గోడకు కొట్టింది.

"ఇదేంటి వదినా? ఇది గురి కుదిరినవాళ్ల గోడ కాదు."

"ఇవాళ్టి నుంచి అవుతుంది," అని సుత్తి గ్లెన్ చేతికిచ్చింది. "దుప్పిని కొండ దింపాలి. మోకాళ్లు బాగున్నవాడివి నువ్వే కదా."