ఇత్తడి శాడిల్

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది నన్ను బెజవాడ వర్క్‌షాపు నుంచి నందిగామ సర్వీస్ కౌంటర్‌కు వేశారు. వాయిద్యాల కంపెనీలో సీనియర్ టెక్నీషియన్‌గా అదే నా చివరి పోస్టింగ్. హార్మోనియం తిత్తులు అతకడం, కీబోర్డుల దుమ్ము దులపడం తప్ప అక్కడ పనేముంటుందని విసుక్కుంటూనే చేరాను.

సుందర్రావు మాస్టారు జగ్గయ్యపేట నుంచి బస్సులో గిటార్ పట్టుకుని వచ్చారు. అక్కడ ప్రైవేటు స్కూల్లో సంగీతం చెబుతారు, ఆదివారాలు చర్చిలో వాయిస్తారు. కొత్త తీగలు వేసినా గిటార్ మూగబోయిందని ఆయన ఫిర్యాదు.

తీగల చివర్లు బిగించే గిటార్ బ్రిడ్జి మీద సన్నటి తెల్ల పట్టీ ఉంటుంది. దాన్ని శాడిల్ అంటాం. తీగలు దాని మీదే ఆనుతాయి, వాటి అదురు దాని గుండానే చెక్కకు చేరుతుంది. ఆయనది ప్లాస్టిక్‌ది, రాపిడికి గాట్లు పడింది. ప్లాస్టిక్ ధ్వనిని కొంత మింగేస్తుంది. ఎముకతో చేసింది వేస్తే ప్రతి స్వరమూ విడివిడిగా పలుకుతుంది. అయితే గాడిలో సందు లేకుండా కూర్చోవాలి, లేకపోతే ఎంత మంచి ఎముకైనా దండగే. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, ఎముక శాడిల్ అడుగు సమంగా అరగదీసి బిగించాను. వాయించి చూస్తే నాకే ముచ్చటేసింది. మాస్టారు మాత్రం పెద్ద తేడా లేదన్నారు. నాకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, ఈసారి ఇత్తడిది వేయమన్నారు. ఇత్తడి వేస్తే సన్న తీగలు గీపెడతాయని చెప్పినా వినలేదు. వేశాను. ఆయన మీటగానే కౌంటర్ దగ్గరున్న కస్టమర్ మొహం చిట్లించాడు. మాస్టారేమో గిటార్ చెక్కకు గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని విన్నారు. ఇంకాస్త పలకదా అని అడిగారు.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి, ఒకసారి చెవులు చూపించుకోమని మెల్లగా చెప్పాను.

"చూపించానండి," అన్నారు. "సన్న శబ్దాలు ఇంక వినపడవన్నారు. మిషన్ పెట్టుకుంటే మాట వినపడుద్దంట గానీ, పాట మునపట్లా ఉండదంట. ఒకవేళ లోపం గిటార్‌లోనే ఉందేమోనని మీ దగ్గరకొచ్చా."

ఇన్నేళ్ల పనితనం ఎందుకూ కొరగాదనిపించింది.

ఆ ఆదివారం చర్చిలో పాడే పిల్లలు చెవులు మూసుకున్నారట. అది కళ్లారా చూసి, మర్నాడే మాస్టారు నా దగ్గరికొచ్చారు.

"పాతదే పెట్టెయ్యండి. నాకెలాగూ ఒకటే. వినేవాళ్లకైనా బాగుండాలి కదా."

తీసిన భాగాన్ని యజమానికి తిరిగివ్వడం మా రూలు. అందుకని పాత ప్లాస్టిక్ శాడిల్ ఆయన సంచిలోనే ఉంది; ఎముకది ఇంట్లో ఎక్కడో పడిపోయిందన్నారు. గాట్లు నునుపు చేసి, తగ్గిన ఎత్తుకు కింద పల్చటి చెక్క ముక్క పెట్టి బిగించాను. మాస్టారు తీగలన్నీ ఒకసారి మీటి, గిటార్ వంక కాకుండా నా మొహంలోకి చూశారు. బాగుందన్నాను. తలూపి, బస్సు టైమైందని వెళ్లిపోయారు.

శాడిల్ మారిస్తే ధ్వని మారుతుంది, అది నిజమే. కానీ మా పని తీగ నుంచి చెక్క వరకే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, గిటార్ మూగబోయిందని ఎవరు తెచ్చినా, తీగలు వదులు చేసే ముందు పక్కనున్న ఇంకో మనిషిని కూడా వినమనేవాణ్ణి.