ఏడాది తర్వాత కాలు

ప్లాస్టర్ కోసే మిషను ఆగగానే గదిలో ఒక వాసన లేస్తుంది. నెలన్నర పాటు గాలి తగలని చర్మం, లోపల ఇంకిపోయిన చెమట, సున్నంలా పొడిగా రాలే పిండి, మూడూ కలిసిన వాసన. కొత్తగా చేరినవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. నిన్న మధ్యాహ్నం ఒక రైతు కాలి కట్టు విప్పుతుంటే ఆ వాసన రాగానే నేను తలుపు వైపు చూశాను. కట్టు విప్పే వేళకు సుభద్ర మేడమ్ ఎక్కడున్నా వచ్చేసేవారు. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, రెండు ముక్కలైన ప్లాస్టర్‌లోంచి బయటపడిన ఆ బక్కచిక్కిన కాలును, పురిట్లోంచి వచ్చిన బిడ్డను చూసినట్టు చూసేవారు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. అయినా నా తల తలుపు వైపు తిరగడం మానలేదు.

ఆమెను చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మనిషి పొట్టి. జుట్టు సగం నెరిసింది. పాలకొండ దగ్గరి పల్లె ఆమెది. ఎముకల డాక్టరుగా విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రుల్లో చేసి, నలభై దాటాక తెలంగాణ సరిహద్దు అవతల, గీదం నుంచి బీజాపూర్ పోయే అడవి దారిలో ఉన్న మా ముప్పై పడకల ఆసుపత్రికి వచ్చారు. ఎందుకొచ్చారని అడిగితే "ఇక్కడ కాళ్ళకి పని ఎక్కువ" అనేవారు. అది నిజమే. మాకు వచ్చేవాళ్ళంతా కాళ్ళ మీద బతికేవాళ్ళు. కల్లు కోసం సల్ఫీ చెట్టెక్కి జారినవాళ్ళు, ఇప్పపూలకు పోయి బండల మీద పడినవాళ్ళు, ఇరవై మందిని ఎక్కించుకున్న జీపు బోల్తాపడితే దాని కింద చిక్కినవాళ్ళు. నేను బచేలి రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. మా నాన్న కిరండూల్ లైను మీద పట్టాలు చూసుకునే కీమ్యాన్. బొబ్బిలి నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాం. ఫిజియోథెరపీ చదివి ఇరవై మూడేళ్ళకు ఆ ఆసుపత్రిలో చేరాను. ఇల్లు బచేలిలో కాబట్టి చేరాను తప్ప పెద్ద ఆశయమేమీ లేదు.

చేరిన మొదటి వారమే ఆమె చేతికి చిక్కాను. ఒక ముసలాయన విరిగిన కాలి మోకాలు వంచబోతున్నాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏటి చేస్తున్నావు దానియేలూ?"

"విరిగిన కాలు చూస్తున్నాను మేడమ్."

"ముందు బాగున్న కాలు పట్టుకో. వేడి ఎంత, కండ ఎంత, మోకాలు ఎందాకా వంగుతాది, అన్నీ అదే చెప్తాది. సరాసరి విరిగినదాని దగ్గిరికి వెళ్ళిపోతే దానికి ఏటి పోయిందో నీకెలా తెలుస్తాది?"

ఆమె చేతివేళ్ళ వెనక భాగంతో ముసలాయన బాగున్న కాలిని పైనుంచి కిందికి తాకి, తర్వాత రెండోదాన్ని తాకారు. నా చేత కూడా అలాగే తాకించారు. వేడి తెలియాలంటే అరచెయ్యి కాదు, వేళ్ళ వెనకవైపు తాకాలన్న సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినలేదేమో.

ఆమెకు ఒక వింత అలవాటు ఉండేది. ఆపరేషన్ అయి ఏడాది నిండినవాళ్ళను వాళ్ళ ఊళ్ళకు వెళ్ళి చూసి వచ్చేవారు. జీపు దొరికితే జీపు, లేకపోతే బస్సు, అదీ లేకపోతే నడక. నన్ను వెంట తీసుకెళ్ళేవారు. మొదటిసారి వెళ్ళినప్పుడు తొడ ఎముకకు రాడ్డు వేసిన ఒకతన్ని చూశాం. ఎక్స్-రేలో ఎముక చక్కగా అతుక్కుంది. నేను ఆ ఫిల్మును ఎండకు పట్టి మురిసిపోతున్నాను. మేడమ్ అతన్ని గొంతుక్కూర్చోమన్నారు. అతను సగం వంగి ఆగిపోయాడు. ఇంట్లో బోర్లించిన డేగిసా మీద కూర్చుని తింటున్నాడని, మడిలోకి దిగడం మానేశాడని, నాట్లు భార్యే వేస్తోందని అప్పుడు బయటపడింది. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఇవేవీ చెప్పలేదు. మేమూ అడగలేదు, నొప్పి ఉందా అని మాత్రం అడిగాం.

తిరిగి వచ్చి బస్సు దిగాక మేడమ్, "ఎక్స్-రే నాట్లు వెయ్యక్కర్లేదయ్యా" అన్నారు. ఆ తర్వాత అతని మోకాలి మీద నేను నాలుగు నెలలు పనిచేశాను. పూర్తిగా కాకపోయినా మడిలోకి దిగేటంత వంగింది.

ఇక లచ్చమ్మ సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేయాలని చాలాసార్లు అనుకున్నాను.

లచ్చమ్మది బీజాపూర్‌కు దక్షిణాన, తెలంగాణ సరిహద్దు దగ్గర ఊరు. ముప్పై ఏళ్ళుంటాయి. సంత నుంచి వస్తుంటే జీపు పల్టీ కొట్టి కుడికాలి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఒకటి చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. మా దగ్గరికి చేరేసరికి గాయంలో రోడ్డు మట్టి ఉంది. మేడమ్ గాయం కడిగి, రాడ్డు వేసి, చర్మానికి కుట్లు వేశారు. భర్త పోచయ్య మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఉండేవాడు. తెలుగు మాట్లాడే పేషెంట్లు మాకు తక్కువ. అందుకే లచ్చమ్మ దగ్గర మేడమ్ ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ నిలబడేవారు.

అయిదో రోజు మేడమ్ పని మీద జగదల్‌పూర్ వెళ్ళారు. నేను లచ్చమ్మ మోకాలు వంచడానికి వెళ్ళాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వంచకు సారూ. కాలు మండుతాంది. లోపట సలుపుతాంది."

"ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉంటుంది. వంచకపోతే బిగుసుకుపోతుంది" అన్నాను. అన్నానే గాని, నా చేతికి ఆ కాలు వేడిగా తగిలింది. ఎడమకాలు చల్లగా ఉంది. రెండింటినీ పోల్చాను కూడా. నేర్చుకున్నదంతా చేశాను. చేసి, ఏమీ చేయలేదు. పైన కట్టు పొడిగా కనిపించింది. ఇంకా ఎనిమిది మంది పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. కాగితం మీద "పేషెంట్ సహకరించడం లేదు" అని రాసి పక్క మంచానికి వెళ్ళిపోయాను. మేడమ్‌కు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది.

రెండు రోజులకు లచ్చమ్మకు జ్వరం వచ్చింది. కట్టు విప్పితే చీము. మేడమ్ అప్పుడే బస్సు దిగి, సంచీ కూడా కింద పెట్టకుండా వచ్చి గాయం చూశారు. అదే రోజు మళ్ళీ తెరిచారు. తర్వాత ఇంకా మూడుసార్లు తెరవాల్సి వచ్చింది. రాడ్డు తీసేశారు. చచ్చిపోయిన ఎముక ముక్క తీసేశారు. మోకాలి కింద కాలు తీసేయడమే మేలని బయటి నుంచి వచ్చిన ఒక డాక్టరు అన్నారు. మేడమ్ ఆ మాట దాచకుండా లచ్చమ్మకు చెప్పి, ఉంచితే ఎన్ని నెలలు పడుతుందో, ఎంత పొట్టి అవుతుందో కూడా చెప్పి, నీ ఇష్టం అన్నారు.

"ఉంచు" అంది లచ్చమ్మ. అంతే.

తర్వాత మేడమ్ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. నేను ఫైలు పట్టుకుని వెనక నిలబడ్డాను.

"ఇలా అవడం నా వల్ల. అంత మట్టి పడ్డ గాయానికి మొదటి రోజే కుట్లు వెయ్యకూడదు. తెరిచి ఉంచి, రెండు రోజులాగి, మళ్ళీ కడిగి చూడాలి."

పోచయ్య తలెత్తాడు. "మీరు పెద్ద డాక్టరు కద అమ్మా. మీకెట్ల తెల్వకపాయె?"

"తెలుసు పోచయ్యా. తెలిసే చేశాను. వానలు దిగుతున్నాయి, మీ ఊరి దారి మూసుకుపోతాది, వేగిరం పంపించేద్దాం అనుకున్నాను. తప్పు చేశాను."

లచ్చమ్మ గోడ వైపు తిరిగిపోయింది. మేడమ్ లేచారు. నా కాగితం ఆ ఫైల్లోనే ఉంది. ఆమె చదివే ఉంటారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడాన్ని నేను పదకొండు రోజులు మోశాను. పన్నెండో రోజు పొద్దున ఆమె వరండాలో టీ తాగుతుంటే వెళ్ళి చెప్పేశాను. కాలు వేడిగా తగిలిందని, తెలిసీ ఫోన్ చేయలేదని, పైగా లచ్చమ్మే సహకరించడం లేదని రాశానని చెప్పాను.

ఆమె గ్లాసు గట్టు మీద పెట్టారు. "చెప్పడానికి ఎన్ని రోజులు పట్టింది?"

"పదకొండు రోజులు మేడమ్."

"నా మొదటి తప్పు చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నువ్వు నయం." గ్లాసు మళ్ళీ అందుకుని అన్నారు, "నాకు చెప్పేవు, బాగుంది. ఆ కాలు నాది కాదు గదా. ఆమెకెప్పుడు చెప్తావు?"

పేషెంట్లు ఉన్నారని లోపలికి వెళ్ళిపోయాను. ఆమె రెట్టించలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

తీసేసిన రాడ్డుకు బదులు, పది నెలలు లచ్చమ్మ కాలి చుట్టూ ఎముకను పట్టి ఉంచే ఇనుప చట్రం ఉంది. ఎముకలోంచి దూర్చిన తీగల దగ్గర రోజూ శుభ్రం చేయాలి. ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు, మాతో మాట్లాడనూ లేదు. చివరకు ఎముక కలిసింది. కాలు ఒకటిన్నర అంగుళం పొట్టి అయింది, చీలమండ బిగుసుకుపోయింది. ఎత్తు మడమ చెప్పు కుట్టించి ఇంటికి పంపాం. పుస్తకాల్లో దీన్ని మంచి ఫలితమనే రాస్తారు. మేడమ్ మాత్రం ఎప్పుడూ ఆ మాట వాడలేదు.

ఏడాదికోసారి లచ్చమ్మ ఊరు వెళ్ళేవాళ్ళం. ఆమె మంచినీళ్ళిచ్చేది, కాలు చాచేది, మాట్లాడేది కాదు. మేడమ్ అరుగు ముందు నేల మీదే కూర్చుని చీలమండ చూసి, చెప్పు అరిగిందేమో చూసి, "ఈ ఏడు ఏ పని చెయ్యలేకపోయేవు లచ్చమ్మా?" అని అడిగేవారు. జవాబు పోచయ్య చెప్పేవాడు. మూడేళ్ళు అలాగే జరిగింది. ఒకసారి తిరుగు ప్రయాణంలో నేనే అడిగాను, ఆమె మాట్లాడనప్పుడు ఎందుకు వెళ్ళడం అని. "మాట్లాడాలనిపించిన రోజున నేను అక్కడ ఉండాలి గదా" అన్నారు.

నాలుగో ఏడు మేడమ్‌కే ఒంట్లో బాగుండక విశాఖపట్నం వెళ్ళారు. జబ్బు కడుపులో మొదలై వేగంగా పాకింది. మధ్యమధ్య ఫోన్ చేసేవారు. తన సంగతి అడిగితే దాటేసేవారు. ఆఖరుసారి గొంతు బాగా సన్నబడిపోయింది.

"లచ్చమ్మ దగ్గిరికి వెళ్ళేవా?"

"లేదు మేడమ్. పని ఎక్కువైపోయింది. వచ్చే నెల వెళ్తాను."

"సరే" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. తొమ్మిది రోజులకు కబురొచ్చింది. నేను విశాఖపట్నం చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె అక్కగారు నాకు కాఫీ ఇచ్చి, "మీ పేరు చెప్పేదయ్యా" అన్నారు. ఏమని చెప్పేవారో అడిగే ధైర్యం రాలేదు.

మరుసటి నెల లచ్చమ్మ ఊరు వెళ్ళాను, ఒక్కణ్ణే. ఆమె కళ్ళంలో వడ్లు ఎగరబోస్తోంది. నన్ను చూసి, నా వెనక దారి చూసింది. మేడమ్ పోయారని చెప్పాను. చేట వడ్ల కుప్ప మీద పెట్టేసింది. అన్నేళ్ళలో నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

"నాకు ఆమె మీద కోపం ఉండె సారూ. ఇప్పటికీ ఉన్నది. ఆమె వస్తే మంచిగ తిట్టాలె అనుకుంట ఉంటి. వచ్చి అట్ల నేల మీద కూసుంటే తిట్టబుద్ధి కాకపోయేది. మళ్ల ఏడు తిడ్తలే అనుకునేదాన్ని. ఇగ నేనెవరిని తిట్టాలె?"

నా దగ్గర ఉన్నది ఒక్కటే మాట. అయిదేళ్ళుగా చెప్పనిది. ఆ రోజు నీ కాలు నా చేతికి వేడిగా తగిలింది, తెలిసీ ఎవరికీ చెప్పలేదు, నువ్వే సరిగ్గా చేయడం లేదని రాశాను అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసింది.

"ఎరుకనే సారూ. నీ చెయ్యి కాలు మీద పడంగనే నీ మొఖం మారె. నేను చూసిన. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని నీ దిక్కే చూసుకుంట ఉంటి."

తర్వాత తిట్టింది. పోచయ్య లోపలి నుంచి వచ్చి ఆపబోతే అతన్నీ కసిరింది. పది నెలల చట్రం గురించి, ఎక్కలేని గట్ల గురించి, పెళ్ళిళ్ళలో ఆడలేకపోయిన ఆటల గురించి, సంతకు పోతే వెనక నుంచి జనం అనే మాటల గురించి, ఆయాసం వచ్చే వరకూ తిట్టింది. నేను కళ్ళంలో నేల మీద కూర్చుని విన్నాను. తిట్టడం అయ్యాక నీళ్ళు తాగి, నా ముందు కూర్చుని, కాలు చాచింది.

"ఇగ చూడు" అంది.

ముందు ఎడమకాలు చేతిలోకి తీసుకున్నాను.

ఇప్పుడు ఏడాది నిండినవాళ్ళ ఊళ్ళకు నేనే వెళ్తున్నాను. కత్తి పట్టింది నేను కాదు, కాబట్టి నా రాక అక్కర్లేదని కొత్త డాక్టర్లు అంటారు. నిజమే కావచ్చు. బాగా నడుస్తున్నవాళ్ళు టీ ఇస్తారు. అలా నడవలేకపోతున్నవాళ్ళ ఇంటి ముందు జీపు ఆగినప్పుడు మాత్రం పక్క సీటు వైపు చూస్తాను. సంచీ ఒళ్ళో పెట్టుకుని, నాకంటే ముందు దిగిపోయే ఆ పొట్టి మనిషి కనిపించదు. జీపు దిగి, వాళ్ళ అరుగు మీదికి నడుస్తాను. వాళ్ళకు తిట్టాలనిపిస్తే, ఎదురుగా ఒక మనిషి ఉండాలి.