లేవని పెట్టెలు

టాస్మేనియాలోని హ్యువన్ లోయలో మెరిలిన్ ఫజాకర్లీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ తరవాత వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని జీతం లేని కొలువు ఒకటి చేస్తూ వచ్చింది. అక్కడి ఆపిల్ తోటల్లో చలిని కనిపెట్టే చిన్న పెట్టెలున్నాయి. చలిని కొలిచే చిప్పుకీ, పెట్టెను నడిపే లినక్సుకీ మధ్య మాట చేరవేసే డ్రైవర్ ప్రోగ్రాము ఆవిడ చేతిలోది. అందులో ఏ మార్పు చేర్చినా కింద సంతకం ఆవిడదే.

బ్యాటరీ మీద బతికే పెట్టెలు కదా, నిద్రే వాటికి ప్రాణం. కాసేపు పడుకుంటాయి, లేచి చలి చూస్తాయి, మళ్లీ పడుకుంటాయి. పూత మాడిపోయేంత చలి పడితే కూత పెడతాయి. రైతు లేచి, పూత మాడకుండా చెట్ల మీద నీళ్లు చిమ్మించుకుంటాడు. పడుకోబోయే ముందు పెట్టె ఒక్కో డ్రైవర్‌నీ పని సర్దుకోమంటుంది. పిల్లల్ని పడుకోబెట్టి తల్లి పడుకున్నట్టు చిన్న పరికరాలు ముందు, వాటిని మోసేవి తరవాత. లేచేటప్పుడు తల్లి ముందు.

ఆ చలికాలం బ్యాటరీలు తొందరగా అయిపోతున్నాయని తోటలవాళ్లు విసుక్కున్నారు.

"నీ పెట్టెలు మా ఆయనకంటే ఎక్కువ తింటున్నాయే మెరీ," అంది పక్క తోట డెల్మా. "ఈ ఒక్క పూతకీ చూస్తాం. కుదరకపోతే పీకేస్తాం, ఏమనుకోకు."

మెరిలిన్ కూర్చుని, చిప్పు ఇంకా గాఢంగా నిద్రపోయేలా మార్పు రాసింది. తన దగ్గరున్నది కొత్త చిప్పు. తోటల్లో ఉన్నవన్నీ పాతవి. పాత చిప్పున్న బోర్డు ఒకటి సంపాదించి, వెండి రంగు సంచీలో పెట్టి టేపు అంటించి, హోబర్ట్‌లో ఉన్న నెవిల్ ట్రిఫిట్‌కు పరీక్షించమని పంపింది. ఆవిడ భర్త ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ ఇంటి నుంచి సూపు పట్టుకెళ్లిన స్నేహితుడు నెవిల్. వాళ్ల పనిలో ప్రతి మార్పునూ రాసిన మనిషి కాక వేరొకరు నడిపి చూడాలి, కింద 'పరీక్షించినవారు' అని వాళ్ల పేరు వేస్తారు. ఆ పేరు వేశారంటే ఆ మనిషి కళ్లారా చూసినట్టే లెక్క.

"పసిపాపలా పడుకుంది, కోడిపుంజులా లేచింది. నా పేరు వేసెయ్ మెరీ," అని రాశాడు నెవిల్. ఆవిడ వేసింది.

ఆ మార్పు తోటల్లోని పెట్టెలకు చేరింది. పూత నిండుగా ఉన్న వారంలో, గట్టి చలి పడిన రాత్రి పెట్టెలన్నీ పడుకున్నాయి. ఒక్కటీ లేవలేదు. పొద్దున్నే డెల్మా వెళ్లి చూస్తే పువ్వులు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి.

ఈ పని చేసేవాళ్లందరూ చదివే మెయిళ్ల జాబితాలో నెవిల్ రాశాడు: "నా దగ్గర బాగానే నడిచింది. ఆ తరవాత మెరిలిన్ ఏం మార్చిందో మరి."

ఆవిడేమీ మార్చలేదు. అయినా తనమీదే అనుమానమొచ్చి, రాసిందంతా మళ్లీ మళ్లీ చదువుకుంది. చివరికి ఆ పాత బోర్డు తెచ్చుకుందామని హోబర్ట్ వెళ్లింది.

నెవిల్ ఎప్పటిలాగే ఎదురొచ్చి కోటు అందుకున్నాడు. టీ పెడతానని లోపలికి వెళ్లాడు. ఫ్రిజ్ మీద బిస్కట్ల డబ్బా పక్కన వెండి రంగు సంచీ కనిపించింది. మెరిలిన్ అంటించిన టేపు అంటించినట్టే ఉంది.

"ఇది విప్పనేలేదే, నెవ్?"

కెటిల్ కుతకుతలాడుతోంది. అతను దాన్ని ఆపలేదు. "నువ్వు రాసిందాంట్లో ఎప్పుడైనా తప్పుందా మెరీ? చదివాను. బాగానే అనిపించింది."

"చదివానంతే అని చెప్పాల్సింది."

"అప్పుడు మోకాలి నొప్పితో లేవలేకపోతున్నా. నువ్వేమో తొందరపడుతున్నావు..."

"నేను తరవాత మార్చానని రాశావు కదయ్యా. అదీ మోకాలేనా?"

అతను వెళ్లి కెటిల్ ఆపాడు. "జాబితాలో చెప్పకు," అన్నాడు.

"నేను చెప్పను. నువ్వే చెప్పు."

చెబుతానన్నట్టు తలూపాడు. ఆవిడ సంచీ తీసుకుని టీ తాగకుండానే వచ్చేసింది.

ఇంటికొచ్చి ఆ బోర్డును కంప్యూటర్‌కు తగిలించి చూస్తే మొదటిసారే దొరికింది తప్పు. గాఢనిద్రలో పాత చిప్పు తన అమరికలన్నీ మరిచిపోతుంది. లేవగానే డ్రైవర్ వాటిని మళ్లీ చెప్పాలి. ఈవిడ రాసింది కరెంటు నిలదొక్కుకోకముందే చెప్పేస్తోంది, చిప్పుకు వినిపించడం లేదు. కొత్త చిప్పు మరిచిపోదు కాబట్టి ఇక్కడ బయటపడలేదు. తప్పు తనదే, అందులో సందేహం లేదు. కానీ సంచీ విప్పి ఒక్కసారి పడుకోబెట్టి ఉంటే పూతకు ముందే తెలిసేది.

డెల్మా పెట్టెల్ని అప్పటికే పీకించి షెడ్డులో పేర్చింది. కోపంగా లేదు. అదే మెరిలిన్‌కు ఎక్కువ బాధయింది. "ఎవరు పరీక్షించారే దీన్ని?" అని మాత్రం అడిగింది.

"సంతకం నాది, డెల్మా."

డెల్మా షెడ్డు తలుపు మూసింది. మెరిలిన్ వచ్చేటప్పుడు ప్లమ్ పండ్ల జామ్ సీసా ఒకటి చేతిలో పెట్టింది.

నెవిల్ జాబితాలో ఆ వారం రాయలేదు, ఆ నెలా రాయలేదు. ప్రార్థనలో మెరిలిన్ అతని పేరు మానలేదు గానీ, ఆ పేరు దగ్గర నాలుక ఆగేది.

దిద్దిన మార్పును పరీక్షించినవారి చోటు ఖాళీగా వదిలి జాబితాకు పంపింది. ఎక్కడో నార్వే నుంచి, ముఖమైనా తెలియని ఒకామె జవాబిచ్చింది: "నా దగ్గర పాత చిప్పుంది. పరీక్షించాను. పడుకుంది, లేచింది. నా పేరు వేయండి."

మెరిలిన్ ఆ పేరు టైపు చేసి ఆగింది. అంతవరకూ ఎవరినీ అడగని మాట అడిగింది: "అమ్మా, మీరే స్వయంగా పడుకోబెట్టి చూశారా?"

పంపాక సిగ్గేసింది. అయినా జవాబు వచ్చేదాకా ఆ పేరు వేయలేదు.