బామ్ డబ్బాలో దాచిన పేస్టు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు స్వాతి తన కంప్యూటరు పెట్టె విప్పి ముందు పెట్టుకుంది. ఫ్యాను ఊడదీసి, దాని కింద ప్రాసెసర్ మీద ఎండిపోయిన బూడిదరంగు పేస్టును గుడ్డతో తుడవసాగింది. కాగిన దుమ్ము వాసన గుప్పున తగిలింది. ఇరవై ఏళ్ల కిందటి కోట ఊరి బజారు, గ్రేసమ్మగారి రిపేరు కొట్టు, నేను చేసిన పని, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు నిలబడ్డాయి.

నేను చదివింది మూడో తరగతి. మా ఆయన పోయాక ఆ కొట్టులో ఊడ్చే పనికి చేరాను. గ్రేసమ్మగారు నాకంటే చిన్నవారు. ఆదివారం చర్చికి తప్ప మంచి చీర కట్టని మనిషి. నా చేయి కుదురుగా ఉందని స్క్రూలు విప్పడం నేర్పారు. "ఇదిగో రమణమ్మా, ఈ బిళ్ల పొయ్యి మాదిరి కాగతాది. దీనికీ పైనుండే ఫ్యాను దిమ్మకీ నడమ సందు లేకుండా పేస్టు పెట్టాల. బియ్యపు గింజంత చాలు. పాతది మాత్రం శుభ్రంగా తుడిచి పారెయ్యి," అన్నారు.

పారెయ్యమన్న మాట నాకు మింగుడుపడలేదు. నేను పుట్టిన జువ్వలదిన్నెలో మా నాయన చేపల పడవ సందుల్లోంచి గీకిన పాత గుగ్గిలాన్ని ఏనాడూ పారేయలేదు. నూనె పోసి కాచి మళ్లీ సందుల్లోనే పూసేవాడు. సముద్రానికి ఆగిన పద్ధతి ఈ పెట్టెకు ఆగదా అనుకున్నాను. ఆమె చూడనప్పుడు పాత పేస్టును గీకి, ఖాళీ బామ్ డబ్బాలో దాచాను. కొబ్బరినూనె చుక్క వేసి మెదిపి, కొత్తదానికి బదులు అదే పూశాను. కొట్టుకు మేలు చేస్తున్నానని లోలోపల గర్వం కూడా.

ఒకరోజు రొయ్యల గుంటలాయన తన పెట్టెను మోసుకొచ్చి బల్లమీద దించాడు. "ఏందమ్మా నువ్వు చేసిన రిపేరు! పది నిమిషాలకే ఆరిపోతా ఉంది. నీళ్ల పరీక్షలన్నీ దీంట్లోనే రాసిపెట్టుకోనుండా. రొయ్య చస్తే నువ్విస్తావా?"

గ్రేసమ్మగారు ఫ్యాను ఎత్తారు. కొబ్బరినూనె వాసన. వేలితో తాకి, ముక్కు దగ్గర పెట్టుకుని, నావైపు చూశారు. పని పోయిందనుకున్నాను.

"తప్పు నాదే అన్నా. సాయంత్రానికి బాగు చేసిస్తా," అన్నారామె.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

ఆయన వెళ్లాక అడిగారు: "ఎన్నిట్లో పూసినావు?"

ఒక్కదాంట్లోనే అంటే నమ్మేవారు. ఆ మాట అనడానికే నోరు తెరిచాను. తీరా "నాలుగు" అని వచ్చింది.

"ఇంకా మూడుండాయా!" అని ఆమె కుర్చీలో కూలబడ్డారు.

మర్నాడు కొట్టు మూసి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. రెండిళ్లలో పెట్టెలు విప్పి, తుడిచి, కొత్త పేస్టు పెట్టారు. మూడో ఇంట్లో ఒక కాలేజీ పిల్లది ఏడుస్తూ తలుపు తీసింది. ఆమె పెట్టె అసలు వెలగడమే లేదు. కాగి కాగి ప్రాసెసర్ చచ్చిపోయింది. గ్రేసమ్మగారు వెనక్కి వచ్చి, కొట్టులో తాను వాడుకునే కంప్యూటరులోంచి ప్రాసెసర్ తీసుకెళ్లి ఆ పిల్లకు బిగించారు. నేను గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్నారు: "చేపల పులుసు రెండోరోజుకి దాచుకుంటావే, అది నీ పొదుపు. ఇంకొకరి వస్తువు మీద చేస్తే దాన్ని పొదుపనరు రమణమ్మా."

కొట్టుకు రాగానే బామ్ డబ్బా అడిగి తీసుకున్నారు. ఉన్నదంతా పారబోసి, సబ్బుతో రుద్ది కడిగి నా చేతిలో పెట్టారు. "డబ్బా పారేయబాకు. ఇది నీదే గదా." మరుసటి రోజు రిపేరుకు వచ్చిన మొదటి పెట్టెను నా ముందుకే తోశారు.

స్వాతి మురికి గుడ్డ చూపించి నవ్వింది. "అవ్వా, నువ్వు దేన్నీ పారేయనీవు గదా, దీన్ని కూడా దాయమంటావా?"

"గుడ్డతో సహా పారెయ్యి," అన్నాను. పిల్ల నన్ను వింతగా చూసి, గుడ్డను చెత్తబుట్టలో వేసింది.

నా చీరలకు మాసికలు వేసే సూదులు ఇప్పటికీ ఆ బామ్ డబ్బాలోనే ఉన్నాయి. మూత తీసినప్పుడల్లా ఒకసారి వాసన చూస్తాను. ఏ వాసనా రాదు. ఆమె అంత శుభ్రంగా కడిగారు.