పెద్దలు తాగిన నేరేడు వైను

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: విజిటింగ్ కార్డు అచ్చయిన మనిషి జీవితంలో ఓడిపోడని. నాదైతే రెండు భాషల్లో అచ్చయింది, ‘సేల్స్ మేనేజర్’ అని. నా కింద పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. (పైన పెద్దనాన్న, ఆయన పైన పెద్దమ్మ.)

భోపాల్‌పట్నంలో మా పెద్దనాన్న అడవి శాఖ నర్సరీలో ముప్పై ఏళ్లు మొక్కలు పెంచి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. పెంచిన లక్షల మొక్కల్లో (కోట్లే అనుకోండి) ఒక్కదానికీ ఆయన పేరు లేదు. జగదల్‌పూర్ ఎగ్జిబిషన్‌లో ఎవరో పండ్లతో చేసిన వైను చూపించేసరికి, దాని రుచి కన్నా సీసా మీద చేసినవాడి పేరుతో ఉన్న లేబుల్ ఆయన్ని పట్టేసింది. పెరట్లో ఆరు నేరేడు చెట్లున్నాయి. “ఇన్నేండ్లు పిట్టల కోసం పెంచినమా ఏంది?” అంటూ పెద్దమ్మ చీరలన్నీ వడకట్టే గుడ్డలు చేశాడు. ఆ ఎండాకాలం చివర మా ఇంటిల్లిపాదికీ మోచేతుల దాకా ఊదారంగు పట్టింది. లైసెన్సు కోసం బీజాపూర్ ఆఫీసుకు వెళితే, సిరా డబ్బా తెరవకముందే ఫారం మీద నా వేలిముద్ర పడిపోయింది. గుమాస్తా బాబు గారు దాన్నీ, నన్నూ మార్చి మార్చి చూసి, “పహలే హాథ్ ధోకే ఆఓ” అన్నాడు. చేతులు కడుక్కుని రావడానికి నాకు ఇరవై రోజులు పట్టింది.

చలికాలానికి నూరు సీసాలు నిండాయి. ప్రతి సీసా మీదా, గుమ్మం పైన కట్టిన కొత్త బోర్డు మీదా పెద్దనాన్న పేరు. జగదల్‌పూర్‌లో హోటల్ నడిపే ఒక సేఠ్ బుధవారం వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే ప్రతి ఏడూ సరుకంతా ఆయనదే. పెద్దనాన్న మూడు రోజుల ముందే గడ్డం గీసుకుని కూర్చున్నాడు.

ఆదివారం సంతకు రెండు సీసాలు పట్టుకుపోయి జనానికి రుచి చూపిస్తానన్నాను. “రెండే సుమా,” అన్నాడాయన.

మా వైపు సంతలో ఇప్పసారా అమ్మే చోట ఒక పద్ధతి ఉంది. కొనేవాడికి ముందు ఆకు దొప్పలో ఊరికే రుచి చూపించాలి. వాడు తాగే ముందు నాలుగు చుక్కలు నేల మీద పోసి, పోయిన తన పెద్దలకు ఇస్తాడు. నా పక్కన సారా కుండతో కూర్చున్న దోర్ల తెగ ముసలమ్మ (సంతంతా ఆమెను ‘కుండవ్వ’ అనేది) మొదటి దొప్ప అందుకుని, నేలకు పోసి, మిగిలింది గుటకేసింది. చాలాసేపు ఆకాశం వైపు చూసింది.

“ఏంది బాబూ, ఇది తాగితే చీమన్నా తూలుతదా?”

“ఆగవ్వా, మెల్లగ ఎక్కుతది.”

“ఎక్కేదాక పొయ్యి మరి.”

చుట్టూ చేరిన జనమంతా అదే న్యాయం పట్టుకున్నారు. ఎక్కలేదు కాబట్టి ఇంకో దొప్ప. దొప్ప మారినప్పుడల్లా పెద్దలకు మళ్లీ నాలుగు చుక్కలు. రెండు సీసాలూ అయిపోయాయి. అక్కడితో లేచిపోవలసింది. కానీ కుండవ్వ, “పాపం, పిల్లగాడు శర్బత్ తెచ్చిండు,” అంది. సేల్స్ మేనేజర్‌ను శర్బత్ అనడమా! బండేసుకుని ఇంటికి వెళ్లాను. పెద్దనాన్న చేనుకు పోయి ఉన్నాడు. నాలుగుసార్లు తిరిగి మొత్తం సరుకు సంతకు దించాను. పొద్దు వాలేసరికి నూరు సీసాలూ ఖాళీ. ఒక్కరూ తూలలేదు. ఒక్కరూ కొనలేదు. సంత నేల మాత్రం ఊదారంగు తిరిగింది.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను. జరిగిందంతా గోనెసంచిలో గలగలమన్న ఖాళీ సీసాలే చెప్పాయి. పెద్దనాన్న ఒక సీసా తీసి, లేబుల్‌ను బొటనవేలితో తుడిచి, “పోనీలేరా, పెద్దలన్నా తాగిండ్రు గద,” అన్నాడు. కొట్టి ఉంటే బాగుండేది.

బుధవారం సేఠ్ వచ్చాడు. పీపా అడుగున మిగిలిన మడ్డిని పెద్దమ్మ చీర చెంగుతో వడకట్టి గ్లాసులో పోసింది. ఆయన ఒక్క గుక్క మింగి, ఎంతో మర్యాదగా, “దవాయీ అచ్ఛీ హై. కిస్ బీమారీ కీ హై?” అన్నాడు. మందు బాగుందట, ఏ రోగానికో చెప్పాలట. సేఠ్ జీపు మలుపు తిరిగాక పెద్దనాన్న బోర్డు దించి మేకల కొట్టానికి తలుపుగా బిగించాడు. మరుసటేడు పండ్లన్నీ మళ్లీ పిట్టలకే. నేనేదో అనబోతే, “ఇగ చాల్లే,” అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లే ఉన్నాడు.

మొన్న సంతకు వెళ్లాను. కుండవ్వకు చూపు దాదాపు పోయింది, గొంతు మాత్రం అదే. పలకరిస్తే నా మాటను బట్టి గుర్తుపట్టింది. “ఆ నల్ల శర్బత్ ఉందా బాబూ? ఈ వయసుల సారా పడ్తలేదు. అది మంచిగుండె.”

ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన మొదటి ఆర్డరు. “లేదవ్వా, పెద్దనాన్న పోయిండు,” అన్నాను.

ఆమె తన కుండలోంచి దొప్ప నింపి నా చేతిలో పెట్టింది. “ముందు ఆయనకు పొయ్యి.”

పోశాను. నాలుగు చుక్కలు చాలు. నేను మాత్రం, సేల్స్ మేనేజర్ అలవాటు ఎక్కడికి పోతుంది, దొప్పంతా వంపేశాను.