కోసి చూసిన కరెంటు డబ్బా

నా కంప్యూటరులోంచి కాలిన వాసన వచ్చినప్పుడు నేను ఏడో తరగతి లెక్కల ప్రశ్నపత్రం చేస్తున్నాను. త్రిభుజం గీసి, మూలలకు అక్షరాలు పెడుతుండగా తెర నల్లబడింది. వెనకనుంచి రబ్బరు మాడిన కంపు. నేను చేసిన మొదటి పని దాన్ని తిట్టడం, రెండో పని ప్లగ్గు పీకడం. ముందు పీకి తర్వాత తిట్టాలని నాకూ తెలుసు. కానీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏం చేయను.

అప్పుడు మేం కొత్తపేటలో పండ్ల మార్కెట్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన, నేను, మామయ్య. తెలంగాణ కోసం ఇవాళ బంద్, రేపు రాస్తారోకో అన్నట్టున్న రోజులు. మా ఆయనకు కొరియర్ ఆఫీసులో పని. మామయ్య నల్గొండ దిక్కునుంచి ఎప్పుడో వచ్చి, ఆ మార్కెట్‌లోనే ఒక కమీషన్ దుకాణంలో బత్తాయి లోడు చూసి ధర కట్టే పని చేశారు. వయసు మీద పడ్డాక మానేసి ఇంటి పట్టున ఉంటున్నారు. ఇంటి పట్టున అన్నానే గానీ, రోడ్డు మీద వంటావార్పు పెడితే మాత్రం అందరికంటే ముందు వెళ్లి కూర్చుని, తిని, నినాదాలిచ్చి వచ్చేవారు.

కంప్యూటరు కొనకముందు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేశాను. షటరు లేచిన దగ్గర్నుంచి దిగేదాకా నిలబడాలి. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు, మడత పెట్టిన చీరనే విప్పి మళ్లీ మడత పెట్టాలి. ఇంటికొచ్చేసరికి పాదాలు బూరెల్లా పొంగేవి. అలా నిలబడుతూనే కంప్యూటరులో టైపు చేసి పేజీలు కూర్చే డీటీపీ నేర్చుకున్నాను, చిట్టీ పాడి కంప్యూటరు కొన్నాను. కర్మన్‌ఘాట్‌లో ఒక చిన్న బడి మేడం కొన్ని తరగతుల ప్రశ్నపత్రాలు టైపు చేసే పని నాకు ఇచ్చింది. కూర్చుని సంపాదించడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నా కాళ్లకు. మా ఇంట్లో కుర్చీ ఒక్కటే, అది నాది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే ఊరుకునేదాన్ని కాదు.

సరిగ్గా ఆ వారమే చీరల దుకాణం నుంచి కబురొచ్చింది. పెళ్లిళ్ల సీజను, మళ్లీ వస్తావా, లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటాం అని. బడి మేడమేమో సోమవారం పొద్దున్నకల్లా పేపర్లు చేతికి రాకపోతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ముందే చెప్పింది. ఆ బడి పోతే నాకు వేరే పని లేదు. అంటే కంప్యూటరు నడిస్తే కుర్చీ, నడవకపోతే చీరల దుకాణం. ఆ గురువారం సాయంత్రం నేను కాలిన వాసన పీలుస్తూ ఇదే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది.

కాలింది ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటరులోని ఒక్కోదానికి కావలసినట్టు మార్చి పంచే ఇనుప డబ్బా అది. కంప్యూటరు కొనేటప్పుడు మా ఆయన ప్రాసెసరు ఏది, ర్యామ్ ఎంత, తెర ఎంత పెద్దది అని కనిపించిన వాళ్లందర్నీ అడిగాడు. ఈ డబ్బా గురించి మాత్రం ఎవర్నీ అడగలేదు. అది క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చింది కాబట్టి దాని ముఖం కూడా చూడలేదు. ఇంట్లో అందరికీ వడ్డించే మనిషిని నువ్వు తిన్నావా అని ఎవరూ అడగరు చూడండి, అలాగ.

"వాట్లు చూసి తీస్కో. నాలుగు వందల యాభై అని రాసి ఉంటే సాలు," అన్నాడు మా ఆయన డ్యూటీకి పోతూ.

"రాసి ఉంటదిరా," అన్నారు మామయ్య. "ఆపిల్ పండ్ల మీద సుత స్టిక్కర్లుంటయి. అవి ఏ దేశంల అతికిస్తరో నేను జూసిన. మా దుకాణం ఎనుక రూముల."

అలా శుక్రవారం మామయ్య నా వెంట బయల్దేరారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద ఒక చిన్న కంప్యూటర్ దుకాణం ఉండేది. యజమాని గుంటూరు వైపు మనిషి, ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తాడు. కౌంటరు మీద రెండు డబ్బాలు పెట్టాడు. రెండింటి మీదా ఒకే వాట్లు, ధరలో కాస్త తేడా. మామయ్య ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో ఎత్తి కళ్లు మూసుకున్నారు. బత్తాయిని అలాగే చూస్తారాయన. సైజుకు మించి బరువుంటే లోపల రసం ఉన్నట్టు.

"గిది తీస్కో బిడ్డా. దీంట్ల సరుకున్నది."

"పెద్దాయన భలే పట్టారండి," అన్నాడు దుకాణదారు. "మేం కూడా అలాగే చూస్తామండి. బరువుంటేనే మంచి మాలు."

నేను నేర్చుకున్న ఇనిస్టిట్యూట్‌లో కూడా ఇదే మాట చెప్పేవారు. చవక డబ్బాలో రాగీ, ఇనుమూ తక్కువ వేస్తారు, అందుకే తేలిగ్గా ఉంటుంది అని. సరేనని బరువుదే తెచ్చుకున్నాం. నేనే బిగించాను. సాయంత్రమంతా బాగానే నడిచింది. మామయ్య దాని పక్కన నిలబడి, తనే కన్నట్టు మురిసిపోయారు.

శనివారం పొద్దున ప్రింటరు ఆన్ చేశాను, కంప్యూటరు ఆగిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆగింది. టైపు చేసినదాంట్లో సగం పేజీ గాలికి పోయింది. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూశాను, ప్రింటరు లేకుండా చూశాను. ఎటు తిప్పినా కాసేపటికి ఆగుతోంది. తల ప్రాణం తోకకొచ్చింది. ఆ డబ్బాను ఊడదీసి నేల మీద పెట్టి, అంతలో నల్లా వచ్చిందంటే నీళ్లు పట్టడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి మామయ్య పేపరు పరుచుకుని దాని ముందు కూర్చున్నారు. మూత పక్కన ఉంది. చేతిలో చాకు.

"ఏం జేసిండ్రు మామయ్యా?"

"కోసి చూసిన. ఇటు రా, నువ్వు గూడ జూడు."

మార్కెట్‌లో బేరం ముందు ఒక కాయ కోసి చూపించడం రివాజు. కోయకుండా లోడు కొనేవాణ్ని అక్కడ పిచ్చివాడంటారు. మామయ్య అదే పని చేశారు. లోపల చూస్తే పిల్లల ఆటబొమ్మలో ఉండేంత చిన్న రాగి తీగ చుట్ట, సన్నటి వైర్లు, సగం ఖాళీ. ఆ ఖాళీలో డబ్బా అడుగుకు బిగించి అరచేయంత ఇనుప ముక్క. దేనికీ కలిపి లేదు, ఉత్త బరువు కోసం పెట్టింది. నేను దాన్ని చూసి నోరు వెళ్లబెట్టాను. ఆ తర్వాత మూత అంచు చూశాను. మూతకూ డబ్బాకూ కలిపి అంటించిన సీలు కాగితం నిలువునా తెగి ఉంది.

"ఆ కాగితం తెగితే వాళ్లు వాపస్ తీస్కోరు మామయ్యా."

"కోయకుంటె లోపటి సంగతి ఎట్ల తెలుస్తది?"

"కోస్తె వారంటీ పోతది."

"గిదేం కత బిడ్డా. కోస్తె వాపస్ తీస్కోరు, కోయకుంటె మోసం తెలవది. గిసొంటి బేరం మా మార్కెట్ల జేస్తే మనిషికి అన్నం బుట్టదు."

ఆయన మాటలో తప్పేం లేదు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. సోమవారం ఎల్లుండి. ఆ డబ్బాను సంచిలో వేసుకుని బయల్దేరాను. మామయ్య నా వెనకే వచ్చారు.

దుకాణంలో అప్పటికే నలుగురైదుగురున్నారు. నేను డబ్బా మూత తీసి, ఇనుప ముక్క పైకి కనిపించేలా కౌంటరు మీద పెట్టాను. దుకాణదారు ముందు సీలు చూశాడు, తర్వాత ముక్క చూశాడు.

"సీలు పోయింది కదండీ. కంపెనీ వాళ్లు తీసుకోరండి."

"ముక్క మాటేంది?" అన్నాను.

"మాకు హోల్‌సేల్‌లో అలాగే వస్తాయమ్మా. మేం విప్పి చూడం కదండీ."

పక్కన మెమరీ కార్డు కొనుక్కోవడానికొచ్చిన ఒకాయన అందుకున్నాడు. "ఆంధ్రోళ్ల దుకాణాలన్నీ గింతే అక్కా. గట్టిగ నాలుగు పోరగాండ్లను పిలిస్తే సక్కగ ఇస్తడు." ఆ రోజుల్లో ఆ మాటకు చాలా బలం ఉండేది. దుకాణదారు ముఖం తెల్లబోయింది. చేయి షటరు గొళ్లెం వైపు పోయింది.

మామయ్య ఆ మనిషి వైపు తిరిగారు. "ఇనుప ముక్కకు ఏ జిల్లా ఉంటది తమ్మీ? మా మార్కెట్ల బుట్ట అడుగుకు మురిగిన కాయ పెట్టెటోళ్లు ఎవరనుకున్నవ్, మనోళ్లు గాదా? తెలంగాణ కోసం రోడ్డు మీద కూసుంటం. గిది నా కోడలి డబ్బా బేరం. మేం మాట్లాడుకుంటం, నీ కార్డు నువ్వు కొనుక్కపో."

ఆ మనిషి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నిజం చెప్తున్నా, అప్పుడు నాకు మామయ్య మీద చిరాకే వచ్చింది. ఆయనకేం, పెద్దరికం నిలబడింది, రేపు ప్రింటు తీయాల్సింది నేను. కోపంగా కిందికి చూస్తే కౌంటరు కింద వాళ్ల బిల్లుల కంప్యూటరు కనిపించింది. దుమ్ము పట్టి, పాతబడి ఉంది, కానీ మేం వచ్చినప్పట్నుంచీ చప్పుడు లేకుండా నడుస్తోంది.

"అన్నా, నీ బిల్లుల మిషన్ల ఏ డబ్బా పెట్టుకున్నవ్?"

ఆయన కూడా కౌంటరు కిందికి చూశాడు.

"అది వేరేదండి. కాస్త ఖరీదెక్కువ. ఎవరూ అడగరని తెప్పించమండి."

"పొద్దందాక నడుస్తదా?"

"షాపు పెట్టినప్పట్నుంచీ అదేనండి. కరెంటు పోయి వచ్చినా దానికేం కాలేదు."

"నాకు గసొంటిదే గావాలె."

"స్టాకు లేదమ్మా. బందులకు సికింద్రాబాదు నుంచి మాలు రావట్లేదు."

మామయ్య ఊరికే అలా నిలబడ్డారు. దుకాణదారు ఆయన వైపు ఒకసారి, ఆ మనిషి వెళ్లిన తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత బిల్లుల కంప్యూటరు ఆపేసి, స్క్రూడ్రైవరు తీసుకుని కౌంటరు కింద కూర్చున్నాడు. ఆ డబ్బా విప్పి, గుడ్డతో దుమ్ము తుడిచి, నా ముందు పెట్టాడు. ధరలో తేడా ఇస్తానంటే మొహమాటపడకుండా తీసుకున్నాడు, అది నాకు నచ్చింది. మేం మెట్లు దిగుతుంటే వెనక ఇంకో గిరాకీకి ఆయన చేత్తో బిల్లు రాస్తున్నాడు.

ఆ డబ్బాలో ఫ్యాను తిరుగుతోందో లేదో చెవి పెట్టి వింటే గానీ తెలిసేది కాదు. ఆదివారం మధ్యాహ్నం రెండుసార్లు కరెంటు పోయింది, యూపీఎస్ కూసింది, తెర మాత్రం కనురెప్ప వేయలేదు. నేను భిన్నాలు టైపు చేశాను, మందార పువ్వు భాగాలు గీశాను, ఖాళీలు పూరింపుములో చుక్కలన్నీ ఒకే వరసలో పెట్టాను. అంత హాయిగా నేను ఎప్పుడూ పనిచేయలేదు. చీకటి పడకముందే పేపర్లన్నీ ప్రింటు తీసి కవర్లో పెట్టాను. అప్పుడు టీవీలో చెప్పారు, సోమవారం బంద్, బడులన్నీ మూత.

"ఇంక పోయేదేముంది, పరీక్షలే లేవు కదా," అన్నాడు మా ఆయన.

"సోమవారం అన్నది. సోమవారమే ఇస్త," అన్నాను. అది మొండితనమో ఇంకేమిటో. ఆ డబ్బా కోసం అంత పడ్డాక కవరు ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు.

పొద్దున్నే మామయ్య నేనూ నడిచి బయల్దేరాం. అప్పటికి మెట్రో స్తంభాలు లేవు. విజయవాడ రోడ్డు మొత్తం ఖాళీ, మేం నడిమధ్యన నడిచాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పోలీసులు ఆపి కవరు విప్పి చూశారు. ఒక కానిస్టేబులు మందార పువ్వు బొమ్మ చూసి, బాగా గీసినవమ్మా అని తిరిగిచ్చాడు. అక్కణ్నుంచి కర్మన్‌ఘాట్ దాకా మామయ్య ఎవరెవరి బత్తాయి తోటలు ఎట్లా ఎండిపోయాయో చెప్తూనే ఉన్నారు. ఎండ ఇంకా ముదరలేదు. చల్లటి గాలి తగులుతోంది.

మేడం బడి మీది అంతస్తులోనే ఉండేది. గేటు దగ్గర మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది.

"ఇయ్యాల బంద్ గదమ్మా, ఎందుకు నడిచొచ్చిండ్రు?"

"సోమవారం పొద్దున్నకల్లా అన్నరు మేడం."

ఆమె మెట్ల మీదే కూర్చుని ఒక్కో కాగితం తిప్పింది. పై తరగతుల పని చేసే ఆయన బంద్ సాకు చెప్పి ఫోన్ ఎత్తడం మానేశాడట. "పరీక్షలు ఎప్పుడు పెడ్తరో తెల్వదు, పేపర్లు మాత్రం నా దగ్గర రడీగ ఉండాలె. ఇగ నుంచి అన్ని తరగతులవి నువ్వే చెయ్యి," అంది. నేను కళ్లు తుడుచుకుని తలూపాను.

తిరిగొచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు మీద గాల్లో తేలినట్టు నడిచాను. కాసేపటికి గుర్తొచ్చింది.

"మామయ్యా, చీరల దుకాణం వాళ్లకు రానని చెప్పాలె."

"చెప్పినం లే."

"ఎవరు చెప్పిండ్రు?"

"నేనే పోయి చెప్పొచ్చిన. మా కోడలు ఇగ రాదు, వేరేటోళ్లను పెట్టుకోన్రి అని."

"ఎప్పుడు?"

"బేస్తారం నాడు. నీ మిషన్ కాలిన వాసనొచ్చిందే, గా పొద్దుమీకి."

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. గురువారం అంటే అప్పటికి కొత్త డబ్బా లేదు, పేపర్లు లేవు, ఏమీ లేదు. మిషను బాగుపడకపోతే ఆ దుకాణం ఒక్కటే దిక్కని నేను లోపల ఏడుస్తుంటే, ఈయన పోయి ఆ తలుపు మూసి వచ్చారు.

"మిషన్ బాగుగాకుంటె ఏం జేద్దుమనుకున్నరు?"

మామయ్య ఆగకుండా నడుస్తూనే చెప్పారు. "నేను మళ్ల మార్కెట్‌కు పోయేటోన్ని. నువ్వు నిలబడేకంటె నేను నిలబడుడే నయం గద బిడ్డా."