మాకు చదివి వినిపించిన అమ్మాయి

కువైట్‌లో ఫర్వానియా అనే పేటలో, మా వీధిలో పక్కపక్కన ఉన్న రెండు భవనాల తెలుగువాళ్లం ప్రతి నెలా తొలి శుక్రవారం మధ్యాహ్నం ఒకచోట చేరి పుస్తకం చదువుకునేవాళ్లం. ఇరాక్ సైన్యం వచ్చేనాటికి ఆ అలవాటుకి ఏడేళ్లు. ఆ కూటమి ఇంకా నడుస్తోందని విన్నాను. నేను వెళ్లడం మానేసి చాలాకాలమైంది. ఎందుకు మానేశారని అడిగినవాళ్లకి మోకాళ్ల నొప్పులని ఒకసారి, తీరిక లేదని ఒకసారి చెప్పాను. అసలు సంగతి వేరు.

కూటమి మొదలుపెట్టింది మా పైఅంతస్తు పెద్దాయన. నగరం నడిబొడ్డున షర్క్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో మంచి హోదాలో ఉండేవారు. సెలవుకి ఇంటికెళ్లిన ప్రతివాళ్లూ రెండు పుస్తకాలు తేవాలని ఆయన నియమం పెట్టారు. అలా చేరిన పుస్తకాలతో వాళ్ల హాల్లో రెండు ఇనుప బీరువాలు నిండాయి. మేం ఆయన్ని అన్నయ్యగారనీ, ఆయన భార్యని వదినగారనీ పిలిచేవాళ్లం. ఒకరు బయటికి చదవాలి, మిగతావాళ్లు వినాలి, తర్వాత మాట్లాడుకోవాలి. చదివేది ఎప్పుడూ అన్నయ్యగారే. ఆయన చదువుతుంటే సగం మందికి నిద్ర వచ్చేది. పులిహోర, టీ ఉంటాయి కాబట్టి ఎవరూ మానేవారు కాదు.

నేను ఇండియన్ స్కూల్లో టీచర్ని. మా వీధి చివర ఒక కువైటీ ఇంట్లో పిల్లలకి సాయంత్రాలు ఇంగ్లిష్ చెప్పేదాన్ని. ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయిది రాయచోటి దగ్గర పల్లె. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. పదో తరగతి దాకా చదివింది. అక్కడి పనివాళ్లందరిలాగే ఇంటావిణ్ణి మామా అని, ఇంటాయన్ని బాబా అని పిలిచేది. శుక్రవారం రెండు గంటలు ఆమెను మా ఇంటికి పంపమని ఇంటావిణ్ణి అడిగి ఒప్పించాను. ఆ అమ్మాయికి కాస్త మనవాళ్ల ముఖాలు కనబడతాయని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి ఆ నెల కూటమి మా ఇంట్లో. పాతికమందికి టీ పెట్టి గ్లాసులు కడగడానికి నాకో మనిషి కావలసివచ్చింది.

ఆ రోజు అన్నయ్యగారికి గొంతు పట్టేసింది. రెండు పేజీలకే దగ్గు. ఆయన పుస్తకం పక్కనపెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆ అమ్మాయిని చూసి, "ఏమ్మా, నువ్వు చదువుతావా?" అని సరదాకి అన్నారు. అందరూ నవ్వారు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, పుస్తకం తీసుకుని, నిలబడే చదవడం మొదలుపెట్టింది.

నవ్వు ఆగిపోయింది. ఆమె ఎవరినీ అనుకరించలేదు, గొంతు పెంచలేదు. ఎక్కడ ఆగాలో తెలిసినట్టు ఆగేది. నవల్లో ఒక తల్లి కొడుకు రాసిన ఉత్తరం విప్పే చోట ఆమె తలెత్తి మా వైపు ఒకసారి చూసి, అప్పుడు తర్వాతి వాక్యం చదివింది. వదినగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

ఇలా చదవడం ఎక్కడ నేర్చుకున్నావని తర్వాత అడిగాను.

"మా ఊర్లో సగం మంది మొగోళ్లు ఈడనే ఉండారు గదక్కా. వాళ్లు రాసే జాబులు ఆడోళ్లకు నేనే సదివిపెట్టేదాన్ని. సదివేటప్పుడు వాళ్ల మొగం సూడాల. తట్టుకుంటారా లేదా సూసి, మెల్లగా సదవాల" అంది.

ఆనాటి నుంచి రెండేళ్లకు పైగా ఆమే చదివింది. నిద్రపోయేవాళ్లు లేరు. పక్క వీధుల నుంచి కూడా జనం రాసాగారు. పనివాళ్ల కష్టాల మీద నవలలు చదివించుకుని, మనిషి మనిషిని ఎలా చూడాలో గంటలు గంటలు మాట్లాడుకున్నాం. అది అయ్యాక ఆమె వంటింట్లోకి వెళ్లి గ్లాసులు కడిగేది. పుస్తకం చేతికిచ్చిన తర్వాత గ్లాసులు వేరేవాళ్లు కడగొచ్చని మాలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

1990 ఆగస్టులో ఒక గురువారం తెల్లవారేసరికి యుద్ధ ట్యాంకులు రోడ్ల మీద ఉన్నాయి. మర్నాడు తొలి శుక్రవారం. పుస్తకం సంగతి ఎవరికీ గుర్తులేదు కానీ అందరం అన్నయ్యగారింట్లోనే చేరాం, మంచి రేడియో ఉన్నది వాళ్లింట్లోనే. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నల్లటి అబాయా కప్పుకుని ఆ అమ్మాయి నిలబడి ఉంది. చంకలో ఆ నెల చదవాల్సిన పుస్తకం. వీధి వెంట గోడవారగా నడిచి వచ్చింది.

"మామా వాళ్లు నిన్న పొద్దున్నే సౌదీ దిక్కు పోయినారక్కా. బండ్లో చోటు ల్యా, ఇల్లు సూస్కో అన్న్యారు. ఒక్కదాన్నే ఉండలేక వచ్చినా."

"నీ పాస్‌పోర్టు?" అన్నారు అన్నయ్యగారు.

"బాబా బీరువాలో ఉండాది సార్. తాళాలు ఆయప్ప దగ్గరే ఉండాయి."

వదినగారు రేడియో చప్పుడు కొంచెం పెంచారు. నేనే లేచి, "మా ఇంట్లో ఉంటుంది లెండి" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను చూసి నేను గర్వపడ్డాను కూడా.

మూడు వారాలు మాతోనే ఉంది. మా ఏడేళ్ల పాప ఆమె పక్కనే పడుకునేది. మగవాళ్లు బయటికి వెళితే సైనికులు ఆపి కార్లు లాక్కుంటున్నారని, రొట్టెల క్యూలో నిలబడడానికి మేం ఆమెనే పంపాం. ఎండలో మూడేసి గంటలు నిలబడి, మా ఇంటికీ అన్నయ్యగారింటికీ కలిపి ఖుబ్జ్ రొట్టెలు మోసుకొచ్చేది. ఒకరోజు ఎవరో తోస్తే పడి మోచెయ్యి గీసుకుపోయింది. వదినగారు దూది, మందు పంపించి, మర్నాటికి ఇంకో నాలుగు రొట్టెలు ఎక్కువ తెమ్మని కబురు చేశారు.

చివరికి అన్నయ్యగారు ఒక బస్సు మాట్లాడారు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్, అక్కడ నుంచి విమానం. కాగితం ముందు పెట్టుకుని పేర్లు రాస్తున్నారు. మా ముగ్గురి పేర్లు అయ్యాక నేను ఆమె పేరు చెప్పాను. ఆయన కలం ఆపారు.

"కాగితాలు లేని మనిషమ్మా. చెక్‌పోస్టులో ఆ ఒక్కమ్మాయి కోసం బస్సంతా ఆపేస్తే? ఇందులో పసిపిల్లలున్నారు. మీ పాప కూడా ఉంది."

"ఎలాగోలా చెప్పి చూద్దాం అన్నయ్యగారూ" అన్నాను. మా వారు బల్ల కింద నా చెయ్యి నొక్కారు. నేను ఊరుకున్నాను. అంతకంటే ఎక్కువ ఏమీ జరగలేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు.

మెట్లు దిగుతుంటే వదినగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "రెండో బస్సు వస్తుందని చెప్పు. ఏమో, నిజంగానే వస్తుందేమో. పిల్ల భయపడకుండా ఉంటుంది."

నేను అదే చెప్పాను. "ఎల్లుండి ఇంకో బస్సు ఉంది. అందులో నీ పేరు రాయించాను. బస్సువాళ్లు వచ్చేదాకా ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్లకు" అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

"నిజ్జంగా రాయించినావా అక్కా?"

"రాయించాను."

ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. మర్నాడు పొద్దున సామాన్లు దింపడానికి సాయం చేసింది. పైఅంతస్తు నుంచి రెండు పెద్ద అట్టపెట్టెలు దించాలి. ఒకదాన్ని తనే వీపు మీద పెట్టుకుని మెట్లు దిగి, బస్సు వెనక సీటులో సర్దింది. ఏమున్నాయని అన్నయ్యగారిని అడిగాను.

"మన పుస్తకాలమ్మా. వదిలేసి వెళితే ఈ సైనికులు పొయ్యిలో పెడతారు."

ఆ పెట్టెలు ఇద్దరు మనుషులు పట్టేంత చోటు తీసుకున్నాయి. అది నేను చూశాను. చూసి నా సీట్లో కూర్చున్నాను. పాప కిటికీలోంచి ఆమెకు చెయ్యి ఊపింది.

బస్రాలో మా బస్సు పక్కనే ఇంకో బస్సు ఆగింది. అందులో నెల్లూరు వైపు వంటమనిషి ఒకాయన ఉన్నాడు. అతని పాస్‌పోర్టూ పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరే ఉండిపోయిందట. అక్కడ మన దేశ అధికారులు పేరు, ఊరు అడిగి పాస్‌పోర్టు బదులు ఒక కాగితం రాసిచ్చారు. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం మేమంతా చూశాం. నేను అన్నయ్యగారి వైపు చూశాను. ఆయన కూడా చూస్తూనే ఉన్నారు. తల తిప్పి, పాపకి నీళ్లు కావాలేమో అడగమన్నారు.

జోర్డాన్ సరిహద్దులో ఇసుకలో డేరాల కింద పది రోజులకు పైగా ఉన్నాం. నీళ్ల బండి కోసం పరుగులు, పాపకి విరేచనాలు, కళ్లలోకి కొట్టే దుమ్ము. ఆ కష్టం నిజమే. కానీ అమ్మాన్‌లో విమానం ఎక్కబోయే ముందు, మనుషుల్నే ఎక్కించుకుంటాం, పెట్టెల్ని కాదు అన్నప్పుడు, అన్నయ్యగారు ఆ పుస్తకాల పెట్టెల్ని గోడ పక్కన పెట్టి వెనక్కి చూడకుండా నడిచారు. వాటిని వదలడానికి ఆయనకి నిమిషం పట్టలేదు.

యుద్ధం ముగిసిన తర్వాతి ఏడు మా వారికి పాత కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. వెనక్కి వచ్చేశాం. అన్నయ్యగారు వాళ్లూ వచ్చారు. రెండు నెలల్లోనే కూటమి మళ్లీ మొదలైంది. మొదటి శుక్రవారం పుస్తకం చదవలేదు. అన్నయ్యగారు మా ప్రయాణం కథ చెప్పారు. చక్కగా చెప్పారు. కొత్తగా వచ్చినవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. "ఒక్కరిని కూడా వదలకుండా అందరినీ ఇంటికి చేర్చాం" అన్నారాయన. చివర్లో ఎవరో, "అప్పట్లో ఒకమ్మాయి భలే చదివేదట కదండీ?" అని అడిగారు. "ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది. పాపం, మంచి పిల్ల" అన్నారు వదినగారు.

నా పక్కన మా కిందింటి నర్సు కూర్చుని ఉంది. మా గోదావరి జిల్లా మనిషే. టీ దగ్గర నన్ను పక్కకి పిలిచింది.

"ఎక్కడికీ వెళ్లలేదండీ ఆ అమ్మాయి. ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మా ఆసుపత్రిలో ఊడుస్తోంది. మీరు వెళ్లిన రెండో రోజు మా నర్సుల బస్సు బయల్దేరిందండీ. చోటుంది, కాగితాల సంగతి బస్రాలో చూసుకుందాం, రావే అని గుమ్మంలో నిలబడి బతిమాలాను. అక్క నా పేరు రాయించింది, బస్సొస్తాది, ఇల్లు వదలొద్దని చెప్పింది అని కదల్లేదండీ."

నా చేతిలో టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

మర్నాడే ఆసుపత్రికి వెళ్లాను. పిల్లల వార్డు బయట నడవాలో నేల తుడుస్తోంది. చాలా చిక్కిపోయింది. నన్ను చూసి కర్ర గోడకి ఆనించి, "బాగుండావా అక్కా? పాప ఎట్లుండాది?" అంది.

ఏం చెప్పాలో ఇంటి దగ్గర ఎంతో అనుకుని వెళ్లాను. నోటికి వచ్చింది మాత్రం, "కోపం ఉందా?" అన్న మాట ఒక్కటే.

"మూడు దినాలు వాకిట్లోనే కూసున్న్యా అక్కా. బస్సు శబ్దమైతే సంచి ఎత్తుకుని కిందికి దిగేదాన్ని. వదిలిపెట్టి పోయినారని నాకు కోపం ల్యా. ఎవురి పిల్లల్ని వాళ్లు సూస్కోవాల గదా. బస్సు రాదని ఒక్క మాట చెప్పింటే ఆ నర్సక్కతో పోయింటి. మా ఊర్లో ఆడోళ్లకు వాళ్ల మొగుళ్లు ఇంగ రారని రాసిన జాబులు గూడా నేను ఉండేది ఉన్నట్టే సదివినా. అపద్దం సదవలేదు."

"యుద్ధం ముగిసేదాకా ఆ ఆరు నెలలూ ఎలా..." అన్నాను.

"అది అడగొద్దక్కా" అంది. గట్టిగా అనలేదు. కర్ర తీసుకుని, "ఈడ నిలబడితే ముదీర్ సార్ అరుస్తాడు" అని తన పనిలో పడింది. ఆ పక్కనే తడి నేల మీద నిలబడి ఉన్నాను. నేను కదిలితే గానీ ఆమెకు తుడవడం కుదరదు. కదిలాను.

తర్వాతి తొలి శుక్రవారం కూటమిలో లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. రాసిన పేర్లు, పుస్తకాల పెట్టెలు, బస్రాలో వంటమనిషికి ఇచ్చిన కాగితం, నర్సు బస్సు, అన్నీ చెప్పాను. ఆ క్షణంలో నేనేదో న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను.

అన్నయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆనాటి పరిస్థితులు అలాంటివి" అన్నారు. వదినగారు నా వైపే సూటిగా చూశారు.

"రెండో బస్సుందని ఆ పిల్లకి చెప్పింది ఎవరమ్మా? మేమా?"

చెప్పమన్నది మీరే కదా అని అనవచ్చు. అనలేకపోయాను. అబద్ధం వదినగారిది కావచ్చు. కానీ ఆ పిల్ల నమ్మింది నన్ను. వదినగారు చెప్పి ఉంటే నమ్మేది కాదేమో, ఆ నర్సు వెంట వెళ్లిపోయేదేమో.

ఎవరో దగ్గి, వచ్చే నెల పుస్తకం సంగతి ఎత్తారు. రెండు పేర్లు వచ్చాయి. చేతులెత్తి ఒకటి ఎంచుకున్నారు. ఇంటికి వస్తుంటే దారిలో మా వారు, "చెప్పి ఏం సాధించావు?" అన్నారు. ఆయన అడిగింది విసుగుతో కాదు.

ఆ తర్వాత నేను కూటమికి వెళ్లలేదు. ఆసుపత్రికి ఇంకో రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆమె ఐదు నిమిషాలు మాట్లాడింది. రెండోసారి వేరే డ్యూటీలో ఉందని చెప్పించింది. మరో ఏడాదికి కొత్త పాస్‌పోర్టు వచ్చిందని, ఇంటికి వెళ్లిపోయిందని నర్సు చెప్పింది. ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. చదివేటప్పుడు ఎదుటి మనిషి ముఖం చూడాలని చెప్పిన పిల్లకి, ముఖం చూడక్కర్లేని చోటు నుంచి ఏం రాయాలో తెలియలేదు. రాయలేదు.